సెల్లార్ స్లాబ్‌పై చెక్క ఫ్లోరింగ్ వేయిస్తున్నారా? ముందు ఈ తడి టెస్ట్ చేయండి.. లేదంటే డబ్బులు గంగపాలే!

కింద సెల్లార్.. పైన కాంక్రీట్ స్లాబ్.. ఆ స్లాబ్‌పై టైల్స్‌కు బదులు టేకు చెక్కలు. చూడటానికి బాగుంటుంది, చలికాలం పొద్దున్నే కాలు పెడితే చల్లగా తగలదు. కానీ జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి జిల్లాల్లో ఎండలు, వానలు రెండూ గట్టిగానే ఉంటాయి. పనిలో తేడా వస్తే మొదటి వానాకాలానికే చెక్కలు లేస్తాయి. అలా కాకుండా ఉండాలంటే ఏం చేయాలో చూద్దాం.

చెక్క ఎందుకు లేస్తుంది?

చెక్క గాలిలోని తేమను పీల్చుకుని ఉబ్బుతుంది. ఎండితే కుంచించుకుపోతుంది. ఈ మార్పు పొడవులో దాదాపు కనిపించదు, వెడల్పులోనే ఎక్కువ. మే నెలలో సందు లేకుండా బిగించిన చెక్క ఆగస్టులో ఉబ్బి, చోటు లేక మధ్యలో పైకి లేస్తుంది. వానల్లో తడి చెక్క వేస్తే ఎండాకాలానికి సందులు పడతాయి.

సెల్లార్ ఉంటే లాభమా, నష్టమా?

నేల మీద నేరుగా వేసిన ఫ్లోరింగ్‌కు మట్టిలోని చెమ్మ కింద నుంచి ఎక్కుతుంది. సెల్లార్ పైన ఆ బాధ లేదు. స్లాబ్ కింద ఉండేది గాలే. అయితే సెల్లార్‌లో నీళ్లు నిలిస్తే ఆ తేమ పైకే వస్తుంది. 2023 జులైలో మోరంచవాగు పొంగి భూపాలపల్లి మండలం మోరంచపల్లి మునిగింది. 2024 సెప్టెంబర్ 1న మహబూబాబాద్ జిల్లాను ఆకేరు వరద ముంచెత్తింది. అందుకే పల్లంలో ఉన్న ఇళ్లయితే ముందు డ్రైనేజీ, మోటార్, గోడల లీకేజీ చూసుకోవాలి. ఆ తర్వాతే చెక్క మాట.

ఇంట్లోనే చేసుకునే టెస్ట్

కొత్త స్లాబ్ పైకి ఆరినట్టు కనిపించినా లోపల తడి ఉంటుంది. క్యూరింగ్ ఆపాక అంగుళం మందానికి సుమారు నెల రోజులు ఆరాలన్నది మోటు లెక్క. ఆరిందో లేదో తెలియాలంటే ఒకటిన్నర అడుగుల చదరం పాలిథిన్ షీట్‌ను స్లాబ్‌పై పరిచి నాలుగు వైపులా టేప్ వేయండి. 24 గంటల తర్వాత తీయండి. షీట్ లోపల నీటి చుక్కలున్నా, కాంక్రీట్ రంగు ముదిరినా పని ఆపాల్సిందే. రెండు, మూడు చోట్ల చూస్తే మంచిది.

పని ఎలా సాగాలి?

* స్లాబ్ ఎత్తుపల్లాలు స్పిరిట్ లెవల్‌తో చూసి సరిచేయాలి.
* 200 మైక్రాన్ల పాలిథిన్ షీట్ పరచాలి. షీట్లు ఒకదానిపై ఒకటి కనీసం 6 అంగుళాలు ఎక్కాలి. అతుకులకు టేప్ వేయాలి.
* దానిపై 12 ఎంఎం వాటర్‌ప్రూఫ్ ప్లైవుడ్ రెండు వరుసలు.. ఒకటి నిలువుగా, ఒకటి అడ్డంగా. రెండింటినీ ఒకదానికొకటి స్క్రూలతో బిగించాలి, స్లాబ్‌కు కాదు.
* చెక్కలను కొన్ని రోజులు అదే గదిలో ఉంచి, ఆ తర్వాత ప్లైవుడ్‌కు మేకులతో బిగించాలి. మేకు ప్లైవుడ్ దాటి షీట్‌ను చీల్చకూడదు.
* గోడ చుట్టూ అర అంగుళం సందు వదలాలి. చెక్క ఉబ్బేందుకు చోటు అదే. స్కర్టింగ్ వేస్తే సందు కనపడదు.

డ్రిల్లింగ్‌తో జాగ్రత్త!

కొందరు రీపర్లు పెట్టి స్లాబ్‌కే డ్రిల్ వేస్తారు. ఇక్కడే ప్రమాదం. సెల్లార్ లైట్ల కరెంట్ పైపులు ఆ స్లాబ్‌లోనే ఉంటాయి. డ్రిల్ వాటికి తగిలితే షాక్ కొడుతుంది. ఇనుప చువ్వలపై కాంక్రీట్ పొర కూడా చాలా చోట్ల 20 ఎంఎం వరకే ఉంటుంది. తప్పనిసరైతే మెయిన్ ఆపి, పైపులు ఎటు వెళ్లాయో ఎలక్ట్రీషియన్‌ను అడిగాకే పని మొదలుపెట్టాలి.

బరువు సంగతి?

18 ఎంఎం టేకు, ప్లైవుడ్ కలిపినా చదరపు మీటరుకు 30 కిలోల లోపే. గ్రానైట్, కింద మాల్ కలిపితే 100 కిలోలు దాటుతుంది. ఫ్లోర్ మాత్రం ఒకటిన్నర అంగుళానికి పైగా లేస్తుంది. తలుపులు కింద కోయాల్సి రావచ్చు, ముందే కొలుచుకోండి.

ఏ చెక్క కొనాలి?

టేకు తక్కువగా వంకర పోతుంది, చెదలనూ బాగా తట్టుకుంటుంది. భూపాలపల్లి వైపు టేకు అడవులున్నాయి కదా అని బిల్లు లేని కలప చౌకగా వస్తోందని కొంటే ఫారెస్ట్ కేసు మెడకు చుట్టుకుంటుంది. బిల్లు, పర్మిట్ అడిగి తీసుకోండి. పాత ఇంటి దూలాలు ఉంటే కోయించుకోవచ్చు. ఏళ్ల తరబడి ఆరిన చెక్క కాబట్టి నిలకడగా ఉంటుంది. కోతకు ముందు పాత మేకులు తీయించాలి. ఏ చెక్కయినా ప్లైవుడ్ కింద చెదల మందు తప్పనిసరి.

చివరిగా ఒక మాట.. పండగొచ్చిందని బకెట్లతో నీళ్లు పోసి కడిగే అలవాటు ఉంటే ఈ ఫ్లోరింగ్ పనికిరాదు. బాగా పిండిన బట్టతో తుడవాల్సిందే. ఏటా సెల్లార్‌లోకి నీళ్లొచ్చే ఇల్లయితే టైల్సో, షాబాద్ బండలో వేయించుకోవడమే నయం.