పాము భయం మంచిదే, జూన్ నుంచి సెప్టెంబరు దాకా మరీ మంచిది

మన దేశంలో పాముకాటుతో ఏటా సగటున 58 వేల మంది చనిపోతున్నారు. 2000 నుంచి 2019 దాకా జరిగిన మరణాలను జల్లెడపట్టిన అధ్యయనం తేల్చిన లెక్క ఇది. ఇరవై ఏళ్లకు కలిపి 12 లక్షలు, అంటే రోజుకు దాదాపు 160 మంది. 70 ఏళ్లు నిండేలోపు పాముకాటుకు బలయ్యే ముప్పు సగటున 250 మందిలో ఒకరికి ఉందట. చావులు ఎక్కువగా నమోదైన ఎనిమిది రాష్ట్రాల్లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ఒకటి.

మనస్తత్వశాస్త్రం పుస్తకాలు తిరగేస్తే అర్థంలేని భయానికి ఉదాహరణగా తరచూ పాము భయమే కనిపిస్తుంది. ఆ పుస్తకాలు రాసినవాళ్లు రాత్రిపూట చేనుకు నీళ్లు కట్టడానికి వెళ్లినవాళ్లు కాదు. మన రైతుకు ఆ భయం ఉండి తీరాలి. అది తనచేత ఏం చేయిస్తోందో మాత్రం చూసుకోవాలి.

ముందు లెక్కలు చెప్పేది వినండి. ఈ మరణాల్లో సగం జూన్ - సెప్టెంబరు మధ్యే జరుగుతున్నాయి. దాదాపు అన్నీ పల్లెల్లోనే. అంటే భయపడాల్సిన కాలం, చోటు రెండూ ముందే తెలుసు. కట్లపాము సంగతే తీసుకోండి. రాత్రిపూట తిరుగుతుంది, నేల మీద పడుకున్నవాళ్లను నిద్రలో కాటేస్తుంది. నొప్పి, వాపు పెద్దగా ఉండవు. తెల్లవారుజామున కడుపునొప్పి, వాలిపోతున్న కనురెప్పలు చూశాక గానీ ఇంట్లోవాళ్లకు అనుమానం రాదు. మంచం మీద పడుకుని, దోమతెర అంచులు పరుపు కిందికి దోపుకుంటే ఈ ముప్పు చాలావరకు తప్పుతుంది. చీకట్లో టార్చిలైటు, పొలంలో బూట్లు, గడ్డివాములో చేయి పెట్టేముందు కర్రతో కదపడం, ఎలుకలు చేరకుండా ధాన్యం మూటలు పడుకునే చోటికి దూరంగా పెట్టడం... భయం ఇంత పని చేయిస్తే దాన్ని వదులుకోవద్దు.

అదే భయం దారి తప్పితే ఏమవుతుందో ఇంకో లెక్క చెబుతుంది. 2001-03 నాటి మరణాలను పరిశీలించిన అధ్యయనంలో పాముకాటుతో చనిపోయినవాళ్లలో 77 శాతం మంది ప్రాణాలు ఆసుపత్రి బయటే పోయాయి. ఇంట్లో, దారిలో, మంత్రగాడి గుమ్మంలో.

భయం చేయించే మొదటి తప్పు మంత్రగాడి దగ్గరికి పరుగెత్తడం. మంత్రం పని చేసినట్టు కనిపించడానికి కారణం ఉంది. మన దేశంలో 300కు పైగా పాము జాతులుంటే విషమున్నవి కొన్నే. ఎక్కువ చావులకు కారణం నాలుగు: నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్నపింజర. పైగా విషపు పాము కాటేసినా ప్రతిసారీ విషం ఎక్కించదు. జెర్రిపోతో నీరుకట్టో కరిచినవాడు ఎలాగూ బతుకుతాడు, పేరు మంత్రగాడికి వస్తుంది. ఆ పేరు విని వచ్చిన రక్తపింజర బాధితుడికి మాత్రం గంటలు గడిచిపోతాయి.

భయం చేయించే రెండో తప్పు గుడ్డతోనో తాడుతోనో బిగించి కట్టడం. రక్తం ఆడక కాలో చేయో కుళ్లిపోయే ప్రమాదం ఉంది. గాటు పెట్టడం, నోటితో పీల్చడం కూడా చేటే. మూడోది పామును వెతికి చంపి సంచీలో వేసుకుని ఆసుపత్రికి తేవడం. మన దగ్గర వాడే ఇంజెక్షన్ ఆ నాలుగు పాముల విషానికీ కలిపి తయారుచేసిందే. పాము వెంట పడితే సమయం పోతుంది, అది ఇంకొకరిని కూడా కాటేయవచ్చు. పగ సంగతంటారా, అది సినిమాల్లోనే.

కాటు పడ్డాక కంగారు తగ్గించే దారి ఒక్కటే, చేయాల్సిన పని ముందే తెలిసి ఉండటం. మనిషిని పడుకోబెట్టి, నడిపించకుండా, కాటుపడిన కాలికి కర్ర ఆసరా కట్టి కదలకుండా ఉంచాలి. ఉంగరాలు, మెట్టెలు, కడియాలు వాపు రాకముందే తీసేయాలి. 108కి ఫోన్ చేయాలి. కాటు పడిన సమయం గుర్తుపెట్టుకోవాలి. ఆసుపత్రిలో గాజు గొట్టంలో కొంచెం రక్తం పోసి 20 నిమిషాలు కదపకుండా ఉంచి గడ్డకట్టిందా లేదా చూస్తారు. పింజర విషం పట్టుకునే పరీక్ష అంత సులువైనది. లక్షణాలు లేకపోయినా 24 గంటలు ఉండమంటే ఉండాలి.

2018 ఆగస్టులో కృష్ణా జిల్లా దివిసీమలో పాముకాట్లు పెరిగి జనం బెంబేలెత్తితే మోపిదేవిలో సర్పశాంతి యాగం జరిగింది. జనానికి మనశ్శాంతి దొరికితే మంచిదే. మందు మాత్రం ఇంజెక్షనే.

ఇక పామును టీవీలో చూసినా చెమటలు పట్టేవాళ్లు, వానాకాలమంతా పెరట్లోకి అడుగుపెట్టనివాళ్లు ఉంటారు. ఇది వేరే భయం. తప్పించుకునేకొద్దీ పెరుగుతుంది. దీనికి చికిత్స ఉంది: బొమ్మ, వీడియో, అద్దం వెనక పాము... ఇలా మెల్లగా దగ్గర చేస్తారు. స్వీడన్ మనస్తత్వవేత్త లార్స్ యోరాన్ ఓస్ట్ జంతువులన్నా సూదులన్నా హడలిపోయేవాళ్లకు మూడు గంటలు మించని ఒక్క విడతతో ఇలాంటి చికిత్స చేసి 1989లో ఫలితాలు ప్రచురించారు. ఎవరిని అడగాలో తెలియకపోతే ప్రభుత్వ టెలిమానస్ నంబరు 14416 ఉంది.

అసలు మనకు లేని భయం ఒకటుంది. 2022లో హెల్మెట్ పెట్టుకోక రోడ్ల మీద చనిపోయినవాళ్లు 50,029 మంది. పాముకాటు చావులకు అటూఇటూగా అంతే. పాము పేరెత్తితే అరుగు మీద కాళ్లు పైకి లాక్కునే మనం బండి మీద హెల్మెట్‌ను అద్దానికి తగిలించి తిరుగుతాం.

పాముకాటు మరణాలను 2030 నాటికి సగానికి తగ్గించాలని కేంద్రం 2024 మార్చిలో ప్రణాళిక ప్రకటించింది. మీ వంతుగా ఒక పని చేయండి. తొలకరికి ముందే మీ పీహెచ్‌సీకి వెళ్లి పాముకాటు ఇంజెక్షన్ ఉందా, రాత్రిపూట ఇచ్చేవాళ్లుంటారా అని అడగండి. లేదంటే ఎక్కడుందో కనుక్కుని ఆ ఆసుపత్రి ఫోన్ నంబరు పంచాయతీ గోడ మీద రాయించండి.