మునగ పూత, నల్ల తుమ్మెద, ఒక తీపి బేరం

సూరత్ నగరంలోని పర్వత్ పాటియా, మరమగ్గాల పని కోసం తెలంగాణ నుంచి వలస వచ్చిన తెలుగు కుటుంబాలు స్థిరపడిన ప్రాంతాల్లో ఒకటి. ఊరు మారినా పులుసులో మునక్కాడ మారలేదు. గుజరాతీలు ఈ చెట్టును సరగవో అంటారు. వారి వంటింట్లోనూ దానికి చోటుంది. ఇంటి ముందు కాస్త జాగా దొరికితే మునగ కొమ్మ పాతుకోవడం మనవాళ్లకు అలవాటే. అయితే మునగ పెంచినవారిలో చాలామందికి ఒక సందేహం వస్తుంది. చెట్టు నిండా పూత కనిపిస్తుంది, నేలంతా తెల్లగా రాలుతుంది, చివరికి నిలిచే కాయలు మాత్రం కొన్నే. ఎందుకని?

కారణాలు ఒకటి కాదు. నీరు ఎక్కువైనా, ఎండ తీవ్రంగా ఉన్నా, పూత మీద వాన పడినా పూలు రాలిపోతాయి. మనం అంతగా పట్టించుకోని కారణం మరొకటుంది: పూవు దగ్గరకు రావలసిన అతిథి రాకపోవడం. ఆ అతిథిని రప్పించేదే మకరందం.

మకరందం ఎలా తయారవుతుంది?

ఆకుల్లో తయారైన చక్కెర పోషక కణజాలం ద్వారా మొక్క అంతటికీ చేరుతుంది. అందులో కొంత భాగం పూవు అడుగున ఉండే మకరంద గ్రంథులకు వస్తుంది. అక్కడి కణాలు ఆ చక్కెరను బయటకు పంపితే, దాని వెంట నీరు కూడా వచ్చి తియ్యని ద్రవం ఊరుతుంది. ఈ పనిలో స్వీట్-9 అనే ప్రోటీన్ చక్కెరను కణం నుంచి బయటకు దాటిస్తుందని 2014లో పరిశోధకులు కొన్ని మొక్కల్లో గుర్తించారు. ఆ ప్రోటీన్ లేకుండా చేసినప్పుడు ఆ మొక్కల పూలలో మకరందం ఊరలేదు.

మకరందంలో ప్రధానంగా ఉండేవి సుక్రోజ్, గ్లూకోజ్, ఫ్రక్టోజ్ అనే మూడు చక్కెరలు. వాటితో పాటు కొద్దిగా అమైనో ఆమ్లాలు, లవణాలు, వాసననిచ్చే పదార్థాలు ఉంటాయి. మకరందమూ తేనే ఒకటి కావు. తేనెటీగలు మకరందాన్ని తెచ్చి, ఎంజైములు కలిపి, నీటిని ఆవిరి చేస్తేనే అది తేనె అవుతుంది.

ఎవరికి ఎలాంటి విందు?

పూవును బట్టి మకరందం చిక్కదనం మారుతుంది. పక్షులు వచ్చే పూలలో అది సాధారణంగా పలచగా, ఎక్కువగా ఉంటుంది. తేనెటీగలు వచ్చే పూలలో కొంచెమే అయినా చిక్కగా ఉంటుంది. హోలీ రోజుల్లో ఎర్రగా పూసే మోదుగనే చూడండి. దాని పూల మీద రకరకాల పక్షులు వాలుతాయి. కానీ 2003లో వెలువడిన ఒక అధ్యయనం ప్రకారం, వాటిలో నిజంగా పరాగసంపర్కం జరిపేది ఊదారంగు తేనెపిట్ట ఒక్కటే. పక్షులు కాకుండా ఉడుత కూడా ఆ పని చేస్తుందని తేలింది. విందుకు వచ్చినవారందరూ చేయి కలపరన్నమాట.

మరి మునగకు ఎవరు?

ఈ ప్రశ్నకు విశాఖపట్నంలో జవాబు దొరికింది. ఆంధ్ర విశ్వవిద్యాలయానికి చెందిన జ్యోతి, అట్లూరి, సుబ్బారెడ్డి 1990లో మునగ పరాగసంపర్కంపై తమ పరిశోధన ప్రచురించారు. అక్కడ మునగ ఏడాదికి రెండుసార్లు, ఫిబ్రవరి నుంచి మే వరకు, మళ్లీ సెప్టెంబరు నుంచి నవంబరు వరకు పూస్తుందని వారు నమోదు చేశారు. పూలకు అనేక కీటకాలు వచ్చినా, ముఖ్యమైన పని చేసేవి వడ్రంగి ఈగలు, అమెగిల్లా జాతి ఈగలు అని తేల్చారు.

వడ్రంగి ఈగ అంటే మరేదో కాదు. నల్లని కురులకు పోలికగా మనం చెప్పుకునే తుమ్మెదే అది. మకరందం కోసం అది పూవులోకి తోసుకుని వెళ్లినప్పుడు దాని బరువైన ఒళ్లు కేసరాలకు, కీలాగ్రానికి తగులుతుంది. ఒక పూవులో దొరికేది కొంచెమే కాబట్టి కడుపు నిండదు. మరో పూవుకు, మరో చెట్టుకు వెళ్లక తప్పదు. మొక్కకు కావలసిందీ అదే. ఒకే చెట్టు పూల మధ్య పుప్పొడి మారినా మునగ కాయ కాస్తుంది. కానీ వేరే చెట్టు పుప్పొడి అందినప్పుడు ఫలితం మెరుగ్గా ఉంటుందని ఆ పరిశోధన చెబుతోంది. అంటే వీధిలో ఒక చెట్టు కంటే రెండు మూడు చెట్లు ఉండటం, వాటి మధ్య తిరిగే తుమ్మెద ఉండటం మేలు.

నగరంలో బేరం ఎక్కడ చెడుతోంది?

తుమ్మెద తేనెపట్టు పెట్టదు. ఎండిన కొమ్మల్లో, వెదురులో, పాత దూలాల్లో గుండ్రని రంధ్రం తొలిచి, పుప్పొడినీ మకరందాన్నీ ముద్దగా కలిపి పిల్లలకు దాచిపెడుతుంది. సిమెంటు, ఇనుము మాత్రమే ఉన్న వీధిలో దానికి ఇల్లు దొరకదు.

రెండో చిక్కు పురుగుమందులు. మునగను గొంగళి పురుగులు పట్టడం మనకు తెలిసిందే. వాటికి భయపడి పూత మీదే మందు కొడితే తుమ్మెద కూడా దెబ్బతింటుంది. మొక్క లోపలికి ఇంకే నియోనికోటినాయిడ్ రకం మందులు పుప్పొడిలోకి, మకరందంలోకి కూడా చేరతాయి. వాటిలో మూడింటిని ఆరుబయట వాడకుండా ఐరోపా సమాఖ్య 2018లో నిషేధించడానికి తేనెటీగలకు కలిగే ముప్పే కారణం.

మనం చేయగలిగింది పెద్ద పనేమీ కాదు. పూత ఉన్నంతకాలం మందు కొట్టకుండా ఉండాలి. గొంగళి పురుగులు పగటిపూట కాండం మీద గుంపుగా చేరినప్పుడే, చేతికి తగలకుండా ఊడ్చి తీసేయాలి. ఒక ఎండిన కొమ్మనో, నాలుగు వెదురు ముక్కలనో వాన తగలని చోట కట్టి ఉంచాలి. పక్కింటివారికి ఒక మునగ కొమ్మ ఇవ్వాలి. కాయలు తక్కువగా కాశాయని చెట్టు కొట్టేయాలనిపిస్తే, ముందు ఒక ఉదయం దాని కింద నిలబడి తుమ్మెద ఝంకారం వినిపిస్తుందో లేదో చూడండి. లోపం చెట్టులో లేకపోవచ్చు. విందు సిద్ధంగానే ఉండి, అతిథికి మాత్రం దారి మూసుకుపోయి ఉండవచ్చు.