రెండు గంటలకొకసారి

తాటిచెట్టు మీదినుండి పడి, నడుము కింద చచ్చుబడి మంచం పట్టిన మనిషి మన పల్లెల్లో అపరూపం కాదు. తెగిన వెన్నుపామును మునుపటిలా అతికించే వైద్యం నేటికీ లేదు. అయితే ఇటువంటివారిని బలిగొనేది చాలాసార్లు ఆ దెబ్బ కాదు, ఆ తరువాత వచ్చే పడకపుండ్లు, మూత్రపిండాల జబ్బులు. వీటిని ఆపవచ్చునని గట్టిగా చూపినవారు డాక్టర్ లుడ్విగ్ గుట్‌మన్. హిట్లర్ జర్మనీనుండి తప్పించుకొని ఇంగ్లండు చేరిన ఈ యూదు వైద్యుడు, 1944లో స్టోక్ మాండెవిల్ ఆసుపత్రిలో, గాయపడిన సైనికులను రాత్రింబగళ్లు రెండు గంటలకొకసారి పక్క మార్చి పడుకోబెట్టించేవారు.

ఇటువంటి వైద్యం చిత్తూరుకు దగ్గరలోని రాయవేలూరులో ఎలా స్థిరపడిందో మన చదువరులు తెలిసికొనదగినది. అక్కడి సి.ఎం.సి. ఆసుపత్రిలో పనిచేస్తున్న కేరళ యువతి డాక్టర్ మేరీ వర్గీస్ 1954లో కారు ప్రమాదానికి గురై కాళ్ల చలనం కోల్పోయారు. డాక్టర్ పాల్ బ్రాండ్ ప్రోత్సాహంతో, చక్రాల కుర్చీలో కూర్చుండియే కుష్ఠురోగుల చేతులకు శస్త్రచికిత్సలు చేశారు. పిమ్మట ఆస్ట్రేలియాలోని పెర్త్ నగరంలో తానే రోగిగా ఉండి, తన పనులు తాను చేసుకోవడం నేర్చుకున్నారు. అక్కడితో ఆగక, న్యూయార్కులో డాక్టర్ హోవర్డ్ రస్క్ వద్ద పునరావాస వైద్యం చదివారు. తిరిగివచ్చి వేలూరులో ఆ శాఖను నడిపించారు. 1966లో పునరావాస కేంద్రం వెలిసింది. 1972లో ప్రభుత్వం ఆమెకు పద్మశ్రీ ఇచ్చింది. 1986లో ఆమె కన్నుమూశారు.

విదేశీ సహాయమనగానే మనకు డబ్బే గుర్తుకు వస్తుంది. డబ్బూ అవసరమే. కాని ఇక్కడ దేశాలు దాటి వచ్చినదానిలో విలువైన భాగం మన ఇంటి ఇల్లాలు కూడా నేర్చుకోగల పని. రోగి పక్క వేళకు మార్చాలి. పిరుదులు, మడమలు రోజూ చూడాలి. ఎర్రబడిన చోట మళ్లీ బరువు పడనీయరాదు. స్పర్శ ఉండదు గనుక వేడినీళ్ల కాపడం పెట్టరాదు. మూత్రం ఎంతసేపటికి, ఏ విధంగా తీయాలో ఆసుపత్రిలోనే చేసి చూపించమని అడగాలి.

ఇంకొక మాట. ఎవరైనా ఎత్తునుండి పడినప్పుడు కంగారులో కాళ్లూ చేతులూ పట్టి ఎత్తుతాము. అలా చేస్తే విరిగిన ఎముక కదిలి వెన్నుపాము మరింత దెబ్బతినవచ్చు. నలుగురు కలిసి, తల, మెడ, నడుము వంగకుండా, దుంగను దొర్లించినట్లు ఒక్కసారిగా కదిలించి, తలుపు చెక్కపైకి చేర్చి ఆసుపత్రికి తీసుకువెళ్లాలి.