చెక్ ఇంజిన్ లైట్: రూ. 900 అడాప్టర్‌తో కోడ్ చదవడం ఈజీనే, అసలు పని ఆ తర్వాతే మొదలవుతుంది

ఫోన్ హ్యాంగ్ అయితే మనం ఏం చేస్తాం? రీస్టార్ట్ చేస్తాం, స్టోరేజ్ చూస్తాం, కొత్తగా వేసిన యాప్ తీసేసి చూస్తాం. అవన్నీ అయ్యాకే సర్వీస్ సెంటర్ గుర్తొస్తుంది. అదే కారు డ్యాష్‌బోర్డు మీద పసుపు రంగులో ఇంజిన్ బొమ్మ వెలిగితే మాత్రం తాళాలు ఎవరి చేతిలోనో పెట్టేసి, వాళ్లు ఎంత చెబితే అంత కట్టి వచ్చేస్తాం. పోయిన సంక్రాంతి వరకు నేనూ అంతే.

పండక్కి తెనాలి వెళ్లేసరికి నాన్న కారు అమ్మేసే ఆలోచనలో ఉన్నారు. 2014 మోడల్ పెట్రోల్ హ్యాచ్‌బ్యాక్ అది. స్టార్ట్ చేసి ఊరికే ఉంచినా వణుకుతోంది, పికప్ లేదు, చెక్ ఇంజిన్ లైట్ ఆరట్లేదు. ఒక సర్వీస్ సెంటర్‌లో చూపిస్తే నాలుగు ఇగ్నిషన్ కాయిల్స్, నాలుగు ఇంజెక్టర్లు, స్పార్క్ ప్లగ్‌లు, లేబర్ అన్నీ కలిపి రూ. 34,000 ఎస్టిమేట్ రాసిచ్చారు. అప్పటికీ తగ్గకపోతే ఈసీయూ చూడాలన్నారట.

“పదేళ్లు దాటిన బండికి ఇంకా ముప్పై నాలుగు వేలు ఎందుకురా? ఇచ్చేద్దాం” అన్నారు నాన్న. బ్రోకర్ కూడా వచ్చి చూశాడు. లైట్ వెలుగుతోంది కాబట్టి రూ. 90,000 కంటే ఇవ్వనన్నాడు. వెళ్తూ వెళ్తూ “లైటుదేముంది లెండి, అది నేను ఆర్పించుకుంటా” అన్నాడు. ఆ మాట గుర్తుపెట్టుకోండి, మళ్లీ దానికే వద్దాం.

అమ్మని గుంటూరు కంటి ఆసుపత్రికి తీసుకెళ్లేది ఆ కారే. అందుకే “రెండు రోజులు ఆగండి నాన్నా” అని చెప్పి, ఆన్‌లైన్‌లో ఒక బ్లూటూత్ ఓబీడీ అడాప్టర్ ఆర్డర్ పెట్టా.

అసలు ఈ ఓబీడీ ఏంటి?

కారులో ఇంజిన్‌ని నడిపించే కంప్యూటర్ ఈసీయూ. సెన్సార్లు ఇచ్చే రీడింగులు చూసుకుంటూ పెట్రోలు ఎంత కొట్టాలి, స్పార్క్ ఎప్పుడు ఇవ్వాలి అని అదే నిర్ణయిస్తుంది. ఏదైనా తేడా కనిపిస్తే ఒక కోడ్ రాసిపెట్టుకుని లైట్ వెలిగిస్తుంది. ఆ కోడ్‌ని బయటినుంచి చదవడానికి ఉన్న స్టాండర్డే ఓబీడీ-2. అమెరికాలో 1996 మోడల్ కార్ల నుంచి తప్పనిసరి చేశారు. మన దేశంలో 2013 ఏప్రిల్ నుంచి వచ్చింది. కాబట్టి ఆ తర్వాత తయారైన కారు అయితే దాదాపుగా మీ దాంట్లో ఉన్నట్టే.

స్టీరింగ్ కింద, మోకాళ్ల దగ్గర తడిమి చూడండి. 16 పిన్నుల సాకెట్ ఒకటి దొరుకుతుంది. కొన్ని కార్లలో దానికి చిన్న మూత ఉంటుంది. అడాప్టర్ గుచ్చి, ఇగ్నిషన్ ఆన్ చేసి, ఫోన్‌తో పెయిర్ చేస్తే సరి. పిన్ అడిగితే మామూలుగా 1234 లేదా 0000 ఉంటుంది. యాప్ విషయానికి వస్తే ఆండ్రాయిడ్‌లో టార్క్, ఆండ్రాయిడ్, ఐఫోన్ రెండింటిలో కార్ స్కానర్ బాగా వాడతారు.

కొనేటప్పుడు రెండు విషయాలు చూసుకోండి. ఒకటి, ఐఫోన్ వాడేవాళ్లు మామూలు బ్లూటూత్ అడాప్టర్ కొంటే పని చేయదు. బ్లూటూత్ లో ఎనర్జీ ఉన్నది గానీ, వైఫైది గానీ తీసుకోవాలి. రెండు, ఈ అడాప్టర్ల మీద రాసి ఉండే ఈఎల్‌ఎం327 అనేది కెనడాకి చెందిన ఈఎల్‌ఎం ఎలక్ట్రానిక్స్ చేసిన చిప్. ఆ కంపెనీ 2022లో మూతపడింది. తక్కువ ధరకి దొరికేవన్నీ దాదాపు క్లోన్లే. వెర్షన్ 1.5 అని రాసి ఉంటే నవ్వుకోండి, అసలు కంపెనీ ఆ వెర్షన్ ఎప్పుడూ విడుదల చేయలేదు. నాది కూడా క్లోనే, రూ. 900. కోడ్‌లు చదవడానికి సరిపోయింది.

లోపల జరిగే సంభాషణ

కోడింగ్ చేసేవాళ్లకి ఇది నచ్చుతుంది. ఫోన్ ‘010సి’ అని అడుగుతుంది. 01 అంటే లైవ్ డేటా కావాలని, 0సి అంటే ఇంజిన్ ఆర్‌పీఎం చెప్పమని. కారు ‘41 0సి 0సి 80’ అని జవాబిస్తుంది. మొదటి రెండూ ‘నువ్వడిగిన దానికే ఇది జవాబు’ అని చెప్పడానికి. చివరి రెండు బైట్లే అసలు డేటా. హెక్స్‌లో 0సి అంటే 12, 80 అంటే 128. పన్నెండుని 256తో గుణించి, 128 కలిపి, 4తో భాగిస్తే 800 ఆర్‌పీఎం. యాప్‌లో గిర్రున తిరిగే ఆ మీటర్ వెనక ఉన్నది ఇంతే.

నేను చేసిన మొదటి తప్పు

అడాప్టర్ రాగానే గుచ్చా. ఒక కోడ్ కనిపించింది. కింద ‘క్లియర్’ అని పెద్ద బటన్ ఉంటే సంతోషంగా నొక్కేశా. లైట్ ఆరిపోయింది. నాన్న ముందు హీరో అయిపోయా. ఆ హీరోయిజం సరిగ్గా గుంటూరు రోడ్డెక్కే వరకే. లైట్ మళ్లీ వచ్చింది, ఈసారి టిక్ టిక్ మని కొట్టుకుంటూ.

ఆఫీసులో ఎవరైనా లాగ్స్ చూడకుండా డిలీట్ చేసి టికెట్ క్లోజ్ చేస్తే మనం ఊరుకుంటామా? నేను చేసింది అదే. కోడ్ పడిన క్షణంలో ఇంజిన్ వేడి ఎంత, స్పీడ్ ఎంత, లోడ్ ఎంత అనేవన్నీ ఈసీయూ ఒక ఫోటో తీసినట్టు దాచిపెడుతుంది. దాన్ని ఫ్రీజ్ ఫ్రేమ్ అంటారు. క్లియర్ కొడితే కోడ్‌తో పాటు అదీ పోతుంది. కాబట్టి ముందు స్క్రీన్‌షాట్, తర్వాతే క్లియర్.

ఇంకో ముఖ్యమైన విషయం. లైట్ నిలకడగా వెలుగుతుంటే వీలైనంత తొందరగా చూపించుకోవాలి. కొట్టుకుంటుంటే మాత్రం వేగం తగ్గించి, భద్రమైన చోట బండి ఆపేయాలి. అది మిస్‌ఫైర్ తీవ్రంగా ఉందని చెప్పే గుర్తు. సిలిండర్‌లో మండని పెట్రోలు సైలెన్సర్ దారిలో ఉండే క్యాటలిటిక్ కన్వర్టర్‌లోకి వెళ్లి అక్కడ మండుతుంది. అది వేడెక్కి పాడైతే చిన్న రిపేరు కాస్తా పెద్ద ఖర్చు అవుతుంది. ఆ రోజు ఇంకో రెండు కిలోమీటర్లే కదా అని నేను నడుపుతుంటే నాన్నే ఆపించారు. ఆయనకి ఈ థియరీ ఏదీ తెలియదు, “బండి వద్దంటుంటే ఎందుకురా లాగుతావు” అన్నారంతే.

కోడ్‌ని ఎలా చదవాలి?

అక్కడే పక్కన ఆపి మళ్లీ చదివితే వచ్చిన కోడ్ పి0303. దీన్ని విడదీద్దాం. పి అంటే ఇంజిన్, గేర్‌బాక్స్ వైపు సమస్య. బి అయితే బాడీ, సి అయితే ఛాసీ, యు అయితే కంప్యూటర్ల మధ్య నెట్‌వర్క్. తర్వాతి 0 అంటే అన్ని కంపెనీలకీ ఒకే అర్థం ఉన్న కోడ్. అక్కడ 1 ఉంటే అది ఆ కంపెనీ సొంత కోడ్, దాని అర్థం ఆ కారు పేరుతోనే వెతకాలి. తర్వాతి 3 అంటే ఇగ్నిషన్, మిస్‌ఫైర్. చివరి 03 అంటే మూడో సిలిండర్.

అంటే ‘మూడో సిలిండర్ సరిగ్గా మండట్లేదు’. అంతవరకే. ఎందుకు మండట్లేదో కోడ్ చెప్పదు. నేను ఈ తేడా పట్టించుకోలేదు. రెండు వీడియోలు చూసి, ‘మిస్‌ఫైర్ అంటే స్పార్క్ ప్లగ్’ అని ఫిక్స్ అయిపోయి, రూ. 1,200 పెట్టి నాలుగు ప్లగ్‌లు కొని మార్చా. వణుకు అలాగే ఉంది, కోడ్ అలాగే ఉంది. ప్లగ్‌లు ఎలాగూ మార్చాల్సిన టైమేలే అని నాకు నేనే సర్దిచెప్పుకున్నా.

ఇది స్టాక్ ట్రేస్ లాంటిది. ప్రోగ్రామ్ ఏ లైన్‌లో పడిపోయిందో చూపిస్తుంది, తప్పు ఆ లైన్‌లోనే ఉందని కాదు. పి0420 వస్తే క్యాటలిటిక్ కన్వర్టరే పోయిందనుకుంటారు. ఎగ్జాస్ట్ లీకైనా, ఆక్సిజన్ సెన్సార్ పాడైనా అదే కోడ్ రావచ్చు. పి0171 వస్తే పెట్రోలు తక్కువ, గాలి ఎక్కువ అని అర్థం. దానికి కారణం చిరిగిన ఒక చిన్న రబ్బరు పైపు కూడా కావచ్చు.

రూపాయి ఖర్చు లేని టెస్ట్

మా వీధి చివర మెకానిక్ బాబాయ్‌కి జరిగిందంతా చెప్పా. ఆయన నవ్వి, “కొత్తవి కొనే ముందు ఉన్నవి అటూ ఇటూ మార్చి చూడు బాబూ” అన్నారు. మనం ఛార్జింగ్ ఎక్కకపోతే కేబుల్ మార్చి చూస్తామే, అదే పద్ధతి.

మా కారులో ఒక్కో సిలిండర్‌కి ఒక్కో కాయిల్, నేరుగా ప్లగ్ మీదే కూర్చుంటుంది. మీ దాంట్లో అలా లేకపోతే ఈ టెస్ట్ కుదరదు. ఉంటే ఇలా చేయండి:

1. ఇంజిన్ పూర్తిగా చల్లారాలి. ఇగ్నిషన్ ఆఫ్ చేసి, బ్యాటరీ నెగెటివ్ టెర్మినల్ తీసేయండి. ఇంజిన్ నడుస్తుండగా కాయిల్ ముట్టుకోవద్దు, అందులో పుట్టేది వేల వోల్టులు.

2. ఏది ఒకటో సిలిండరో మాన్యువల్‌లో చూసుకోండి. కాయిల్స్ మీద టేపు అంటించి నంబర్లు రాయండి.

3. కనెక్టర్ లాక్ నొక్కి తీయండి, బోల్టు విప్పండి, కాయిల్‌ని కొంచెం తిప్పుతూ నిటారుగా పైకి లాగండి. మా దాంట్లో అది 10 ఎంఎం బోల్టు.

4. మూడో కాయిల్‌ని రెండులో, రెండో దాన్ని మూడులో పెట్టండి. మిగతావి కదిలించొద్దు. ఒకేసారి రెండు మార్పులు చేస్తే ఏది పని చేసిందో తెలియదు.

5. అన్నీ బిగించి, బ్యాటరీ కలిపి, పాత కోడ్ స్క్రీన్‌షాట్ తీసుకున్నాక క్లియర్ చేసి, ఇంజిన్‌ని కాసేపు అలాగే నడవనివ్వండి.

ఇప్పుడు కోడ్ పి0302కి మారితే తప్పు కాయిల్‌తో పాటే వెళ్లిందన్నమాట, అంటే కాయిలే పోయింది. పి0303లోనే ఉంటే కాయిల్ మంచిదే. అప్పుడు ప్లగ్‌లు కూడా అలాగే మార్చి చూడాలి. అప్పటికీ కదలకపోతే ఇంజెక్టర్, వైరింగ్, కంప్రెషన్ వైపు వెళ్లాలి. అక్కడినుంచి మెకానిక్ పని.

మాకు పది నిమిషాల్లో పి0302 వచ్చింది. ఒక లైట్ మళ్లీ వెలిగినందుకు మా ఇంట్లో అంత సంబరం ఎప్పుడూ జరగలేదు. ఒక్క కాయిల్, రూ. 1,900. అడాప్టర్, నా తొందరపాటు ప్లగ్‌లు కలిపి మొత్తం రూ. 4,000. ఇంజెక్టర్ల జోలికి వెళ్లాల్సిన అవసరమే రాలేదు.

సర్వీస్ సెంటర్ మోసం చేసిందని నేను అనను. పాత బండికి కాయిల్స్ అన్నీ ఒకేసారి మార్చేద్దాం అనేవాళ్లూ ఉంటారు, అందులో కొంత న్యాయం ఉంది. కాకపోతే ‘ఏది పోయిందో ఎలా కనిపెట్టారు?’ అని నాన్న అడగలేకపోయారు. ఇప్పుడు అడగగలరు. నా దృష్టిలో ఆ రూ. 900కి దక్కింది అదే.

ఆ బ్రోకర్ మాట

లైట్ ఆర్పించడం నిజంగానే ఒక్క బటన్ పని అని మీరే చూశారు. సెకండ్ హ్యాండ్ కారు కొనేవాళ్లు అందుకే యాప్‌లో ‘రెడీనెస్ మానిటర్స్’ చూడాలి. కోడ్‌లు క్లియర్ చేసినప్పుడు ఈసీయూ తన పరీక్షల ఫలితాలన్నీ చెరిపేసుకుంటుంది. కారు కొంతకాలం రకరకాలుగా తిరిగితేనే అవి మళ్లీ ‘పూర్తి’ అని కనిపిస్తాయి. లైట్ లేదు, కోడ్‌లు లేవు, కానీ మానిటర్లు చాలావరకు ‘అసంపూర్ణం’ అని ఉంటే కారణం అడగండి. బ్యాటరీ తీసి పెట్టినా ఇలా కనిపించవచ్చు. కాబట్టి వెంటనే దొంగ అనకండి, ఇంకొన్ని రోజులు తిరిగాక చూస్తామనండి.

ఎక్కడ ఆగాలి?

వారంటీలో ఉన్న కారుని కంపెనీకే వదిలేయండి. ఎయిర్‌బ్యాగ్ వైరింగ్, హైబ్రిడ్, ఎలక్ట్రిక్ కార్లలో నారింజ రంగు కేబుల్స్ ముట్టుకోవద్దు. బ్రేకుల మీద ప్రయోగాలు వద్దు. జాకీ ఒక్కదాన్నే నమ్మి బండి కిందికి దూరొద్దు. పని అయిపోగానే అడాప్టర్ పీకేయండి. ఆ సాకెట్‌కి బ్యాటరీ నుంచి కరెంటు ఎప్పుడూ వస్తూనే ఉంటుంది, వారాలపాటు వదిలేస్తే బ్యాటరీ దిగిపోవచ్చు.

అడాప్టర్ ఇప్పుడు తెనాలిలోనే, నాన్న గ్లవ్ బాక్స్‌లో ఉంది. మొన్న వాట్సాప్‌లో ఒక స్క్రీన్‌షాట్ పంపారు. పక్కింటాయన కారుదట. కింద ఒకటే లైన్: “క్లియర్ కొట్టలేదు, చూడు.”