న్యూట్రినో తాకిన చోట ఏం జరుగుతుంది?

సూర్యుడి నుంచి వచ్చే న్యూట్రినోలనే అతిసూక్ష్మ కణాలు మన బొటనవేలి గోరంత చోటులోంచి సెకనుకు 6,000 కోట్లకు పైగా దూసుకుపోతుంటాయి. దాదాపు అన్నీ ఒంట్లో దేన్నీ తాకకుండానే వెళ్లిపోతాయి.

ఒకప్పుడు వీటి జాడ పట్టడమే గొప్ప. 1965లో మన చిత్తూరు సరిహద్దుకు చేరువలోని కోలారు బంగారు గనుల లోతుల్లో వాతావరణంలో పుట్టే న్యూట్రినోలు దొరికితే ప్రపంచమంతా ఆసక్తిగా చూసింది. ఇప్పుడు ప్రశ్న ఇంకా లోతుకు వెళ్లింది. న్యూట్రినో తాకినప్పుడు పరమాణు కేంద్రకంలో ఏం జరుగుతుంది?

ఇది ఎందుకు ముఖ్యమంటే, న్యూట్రినోలు దారిలో ఒక రకం నుంచి మరో రకంలోకి మారుతుంటాయి. ఎంతమేరకు అన్నది వాటి శక్తిని బట్టి ఉంటుంది. ఆ శక్తిని నేరుగా కొలవలేం. తాకిడి తర్వాత బయటపడ్డ కణాలను బట్టి లెక్కగట్టాల్సిందే. చిక్కంతా ఇక్కడే! తాకిడిలో పుట్టిన పయాన్ అనే కణం బయటికి రాకముందే కేంద్రకంలోనే ఇంకిపోవచ్చు. న్యూట్రాన్ జాడ లేకుండా జారుకోవచ్చు. 2010లో మినీబూన్ ప్రయోగం కార్బన్‌ మీద కొలిస్తే, అనుకున్నదానికంటే ఎక్కువ తాకిడులు తేలాయి. ఒకే దెబ్బకు రెండేసి కణాలు బయటపడటం అందుకు ముఖ్య కారణమని సిద్ధాంతవేత్తలు వివరించారు. కేంద్రకాన్ని సరిగా అర్థం చేసుకోకపోతే శక్తి లెక్క తప్పుతుంది, దానిమీద కట్టిన సిద్ధాంతమూ తప్పుతుంది.

అందుకే షికాగో దగ్గరి ఫెర్మీల్యాబ్‌లో, సుమారు 100 మీటర్ల లోతున, మినర్వా డిటెక్టర్‌ 2019 దాకా దాదాపు పదేళ్లు ఇదే పని చేసింది. కార్బన్, ఇనుము, సీసం, నీరు, హీలియం... అన్నింటినీ ఒకే న్యూట్రినో ధారకు ఎదురుపెట్టింది. దాని నడిమి భాగమంతా ముక్కోణపు ప్లాస్టిక్ పట్టీలే. కణం దూరితే పట్టీ మెరుస్తుంది. ఒకటి నిటారుగా, పక్కది తలకిందులుగా పేర్చడంతో కణం రెండింటినీ దాటుతుంది. దేనిలో ఎంత వెలుగొచ్చిందో చూసి, అది వెళ్లిన దారిని కొద్ది మిల్లీమీటర్ల తేడాతో చెప్పేస్తారు.

ఈ బృందం 2023లో ‘నేచర్‌’లో ప్రచురించిన కొలత నన్ను మరీ ఆకట్టుకుంది. ప్లాస్టిక్‌లో కార్బన్‌తోపాటు హైడ్రోజన్ ఉంటుంది. హైడ్రోజన్ కేంద్రకమంటే ఒంటరి ప్రోటాన్, అందుకే అక్కడ కేంద్రకం చిక్కులుండవు. న్యూట్రినోకు ప్రతికణమైన యాంటీన్యూట్రినో దాన్ని తాకితే మ్యూయాన్ అనే కణం, న్యూట్రాన్ వస్తాయి. మ్యూయాన్ దారిని బట్టి న్యూట్రాన్ ఎటు పోవాలో ముందే చెప్పవచ్చు. కార్బన్‌లో అయితే ఆ దిశ చెదిరిపోతుంది. ఈ ఒక్క తేడాను పట్టుకుని, కార్బన్ గందరగోళంలోంచి 5,000కు పైగా హైడ్రోజన్ తాకిడులను వేరుచేశారు. ఎంత ఓపిక, ఎంత నేర్పు!

రాబోయే పరీక్ష ఇంకా కఠినం. డ్యూన్ ప్రయోగం ఫెర్మీల్యాబ్‌ నుంచి 1,300 కిలోమీటర్ల దూరంలోని సౌత్ డకోటాకు న్యూట్రినోలను పంపి, ద్రవ ఆర్గాన్‌తో పట్టుకుంటుంది. ఈ విశ్వంలో పదార్థమే ఎందుకు మిగిలిందో తెలుసుకోవడం దాని లక్ష్యాల్లో ఒకటి. ఆర్గాన్ కేంద్రకంలో 18 ప్రోటాన్లు, సాధారణంగా 22 న్యూట్రాన్లు. కార్బన్ కంటే పెద్ద చిక్కుముడి. దాన్ని విప్పడానికి 2024లో మొదలైన ఎస్‌బీఎన్‌డీ డిటెక్టర్ రోజుకు సుమారు 7,000 తాకిడులను చూసేలా తయారైంది. డ్యూన్‌లో హైదరాబాద్ విశ్వవిద్యాలయానికీ భాగస్వామ్యం ఉంది. ఫిజిక్స్‌ చదువుతున్న మన పిల్లలు ఈ రంగం వైపు ఓసారి చూడాలి. చేయాల్సిన కొలతలు ఇంకా చాలా ఉన్నాయి.