ప్రమాణానికి పిలిచారు... ముసుగు తీయమన్నారు

పాకిస్థాన్ నుంచి వెళ్లి కెనడాలోని ఒంటారియోలో స్థిరపడిన జునేరా ఇషాక్ కళ్లు తప్ప ముఖాన్ని కప్పే నిఖాబ్ వేసుకుంటారు. పౌరసత్వ పరీక్షకు ముందు అధికారి అడిగితే నిఖాబ్ తొలగించి, తానెవరో చూపించారు. పరీక్ష పాసయ్యారు. ఇక మిగిలింది ప్రమాణమే. అక్కడే చిక్కొచ్చి పడింది. ప్రమాణం చేసేటప్పుడు ముఖం కనిపించి తీరాలని 2011 డిసెంబరులో ప్రభుత్వం నిబంధన పెట్టింది. మహిళా అధికారి ఎదుట చాటుగా తీస్తానన్నారామె. నలుగురిలోనే తీయాలన్నారు అధికారులు. ఆమె కోర్టుకెక్కారు.

2015 ఫిబ్రవరిలో ఫెడరల్ కోర్టు, సెప్టెంబరులో అప్పీలు కోర్టు ఆమెకే అనుకూలంగా తీర్పిచ్చాయి. ప్రమాణం చేయించేటప్పుడు వీలైనంత మత స్వేచ్ఛ ఇవ్వాలని పౌరసత్వ నియమాల్లోనే రాసి ఉంది మరి! అక్టోబరు 9న ఆమె నిఖాబ్‌తోనే ప్రమాణం చేశారు. పది రోజులకే ఎన్నికలు. ఒక స్త్రీ ముఖవస్త్రం ఆ ప్రచారంలో పెద్ద అంశమైంది. ప్రధాని హార్పర్ ప్రభుత్వం ఓడిపోయింది.

ఫ్రాన్స్ దారి వేరు. బహిరంగ ప్రదేశాల్లో ముఖం కప్పుకోవడాన్ని నిషేధిస్తూ 2010లో చేసిన చట్టం 2011 ఏప్రిల్ 11 నుంచి అమల్లో ఉంది. జరిమానా 150 యూరోల దాకా. కలిసి బతకాలంటే ముఖాలు కనిపించాలన్న వాదనను యూరోపియన్ మానవ హక్కుల కోర్టు 2014లో సమర్థించింది. ఐక్యరాజ్యసమితి మానవ హక్కుల కమిటీ మాత్రం 2018లో ఆ నిషేధాన్ని తప్పుపట్టింది. అది నిఖాబ్ ధరించే స్త్రీలను కాపాడకపోగా ఇంటికే పరిమితం చేసే ప్రమాదముందని హెచ్చరించింది. ఇంతలో కరోనా వచ్చింది. 2020 మే నుంచి 2022 మే దాకా పారిస్ మెట్రోలో మాస్కు లేకపోతే 135 యూరోల జరిమానా ఉండేది. నిఖాబ్ మీద నిషేధం మాత్రం అలాగే ఉంది. ముక్కూ నోరూ కప్పుకున్న లక్షల మంది పక్కపక్కనే కూర్చుని ప్రయాణించారు. కలిసి బతకడానికి అదేమీ అడ్డు రాలేదు.

ముఖం చూడాల్సిన సందర్భాలు లేవని కాదు. బ్యాంకులో, విమానాశ్రయంలో, ఓటేసే చోట చూడాల్సిందే. అదెలాగో హైదరాబాద్ పాతబస్తీ పోలింగ్ కేంద్రాల్లో చూడొచ్చు. పరదా పాటించే ఓటర్లు ఎక్కువున్న చోట మహిళా సిబ్బందిని పెట్టాలని, చాటు ఏర్పాటు చేయాలని ఎన్నికల సంఘం నిబంధన. చాటులోకి వచ్చిన ఓటరు నిఖాబ్ పైకెత్తుతుంది. సిబ్బంది కార్డులో ఫొటోతో పోల్చి చూసి వేలికి సిరా పెడతారు. ఆమె నిఖాబ్ దించుకుని ఓటేయడానికి వెళ్తుంది. అంతే పని.

కప్పుకోమని బలవంతపెట్టేవాళ్లనూ ఇదే గట్టితనంతో నిలదీయాలి. 2022 మేలో అఫ్గానిస్థాన్‌లో తాలిబన్లు స్త్రీలు ముఖం కప్పుకోవాలని ఆదేశించారు. పాటించకపోతే ఇంటి మగవాళ్లకు శిక్షలన్నారు. ఇళ్లలో తండ్రి, భర్త చేసే ఒత్తిడీ నిజమే. అలాంటి ఇంటి నుంచి బయటపడాలనుకునే అమ్మాయికి కావాల్సింది చదువు, ఉద్యోగం, ఫిర్యాదు చేస్తే పట్టించుకునే పోలీసు స్టేషన్. జరిమానా రసీదు ఆమెకు ఏ తలుపూ తెరవదు.

వేరే దేశంలో పౌరసత్వం కోసం ఎదురుచూస్తున్న కుటుంబాలు నేడు చాలా తెలుగు ఊళ్లలో ఉన్నాయి. బొట్టు, తాళి, తలపాగా, నిఖాబ్... ఏది ధరించినా కొత్త దేశం తమను మనిషిగా చూడాలనే వాళ్లంతా కోరుకుంటారు. మన వాళ్ల కోసం అడిగే ఆ మర్యాదను పక్కింటి నిఖాబ్ స్త్రీకీ అడుగుదాం.