ఉప్పునీటి అక్వేరియంలో వడపోత సంప్ శుభ్రత: శాస్త్రీయ అవగాహన, ఆచరణ

సారాంశం

ఉప్పునీటి అక్వేరియంలోని మలినాలన్నీ చివరకు చేరేది వడపోత సంప్‌లోకే. ఆ మలినాల నుంచి పుట్టే అమ్మోనియాను నిర్వీర్యం చేసే బాక్టీరియా నివసించేదీ అక్కడే. కనుక సంప్‌ను శుభ్రపరచడమంటే మొత్తం కడిగివేయడం కాదు. మడ్డిని తొలగిస్తూ బాక్టీరియా పొరను కాపాడుకోవడం. ఉప్పునీటి సంప్‌లో మడ్డి ఎందుకు అధిక ప్రమాదకరమో, శుభ్రపరిచే పనిని ఏ క్రమంలో చేయాలో ఈ వ్యాసం వివరిస్తుంది.

కీలక పదాలు: సంప్, బయోఫిల్టర్, నత్రీకరణం, అమ్మోనియా, హైడ్రోజన్ సల్ఫైడ్, ప్రోటీన్ స్కిమ్మర్

ఉపోద్ఘాతం

క్లౌన్ చేపలు, డామ్సెల్ చేపలు వంటి అలంకరణ సముద్ర చేపలను తొట్లలో ప్రత్యుత్పత్తి చేయించే పద్ధతులను కేంద్ర సముద్ర మత్స్య పరిశోధనా సంస్థ రూపొందించింది. విశాఖపట్నంలోని ఆ సంస్థ ప్రాంతీయ కేంద్రంలో ఇండియన్ పంపానో, ఆరెంజ్ స్పాటెడ్ గ్రూపర్ తల్లిచేపలను నీటి పునఃప్రసరణ వ్యవస్థలో పెంచుతున్నారు. వ్యవస్థ పెద్దదైనా, ఇంటిలోని గాజు తొట్టి అయినా సూత్రం ఒక్కటే. తొట్టి నుంచి పొంగి పొర్లిన నీరు కింది సంప్‌లోకి దిగి, అక్కడ శుద్ధి చెంది, పంపు ద్వారా తిరిగి పైకి చేరుతుంది.

తీరానికి దూరంగా ఉన్న హైదరాబాద్ వంటి నగరాలలో కృత్రిమ సముద్ర లవణంతో నీటిని తయారు చేసుకోవలసి ఉంటుంది. అక్కడ నీరు మార్చడం ఖర్చుతో కూడిన పని కాబట్టి పెంపకందారు సంప్ పైనే ఎక్కువగా ఆధారపడతాడు. సంప్‌ను నిర్లక్ష్యం చేసినవారి చేపలు చనిపోవడంలో వింత లేదు. అయితే ఎంతో శ్రద్ధగా, మూల మూలా కడిగిన మూడో రోజున చేపలు చనిపోవడం పెంపకందారును అయోమయంలో పడవేస్తుంది. ఈ రెండు నష్టాలకూ మూలం ఒక్కటేనని విస్తరణ కార్యకర్తలు గుర్తించడం అవసరం.

సంప్‌లోని భాగాలు

సాధారణంగా సంప్‌ను అడ్డుపలకలతో మూడు లేదా నాలుగు గదులుగా విభజిస్తారు. మొదటి గదిలో 100 నుంచి 200 మైక్రాన్ల వడపోత సంచి ఉంటుంది. మేత తుంపులు, మలం ఇక్కడ ఆగుతాయి. రెండవ గదిలో ప్రోటీన్ స్కిమ్మర్ ఉంటుంది. ఉప్పునీటిలో గాలి బుడగలు ఒకదానితో ఒకటి త్వరగా కలిసిపోకుండా సన్నగా నిలుస్తాయి. వాటి ఉపరితలానికి అంటుకున్న సేంద్రియ పదార్థం నురుగుగా పైకి వచ్చి కప్పులో చేరుతుంది. మంచినీటి తొట్లలో స్కిమ్మర్ సరిగా పనిచేయకపోవడానికి కారణం ఇదే. మూడవ గదిలో సెరామిక్ రింగులు, ప్లాస్టిక్ బంతులు, రాళ్లు వంటి బయోఫిల్టర్ మాధ్యమం ఉంటుంది. కొందరు ఇక్కడే కీటోమార్ఫా వంటి సముద్రపు నాచును పెంచుతారు. చివరి గదిలో రిటర్న్ పంపు ఉంటుంది.

నత్రీకరణం: కంటికి కనిపించని శ్రమ

బయోఫిల్టర్ మాధ్యమంపై పలుచని జిగురు పొరలా పెరిగే బాక్టీరియాలో ఒక వర్గం అమ్మోనియాను నైట్రైట్‌గా, మరొక వర్గం నైట్రైట్‌ను నైట్రేట్‌గా మారుస్తాయి. ఒక గ్రాము అమ్మోనియా నత్రజనిని నైట్రేట్‌గా మార్చడానికి దాదాపు 4.57 గ్రాముల ఆక్సిజన్ అవసరం.

ఈ పొర విలువ ఎంతో ఒక చిన్న లెక్కతో తెలుస్తుంది. మొత్తం 500 లీటర్ల నీరున్న వ్యవస్థలో 45 శాతం మాంసకృత్తులు గల మేతను రోజుకు 20 గ్రాములు వేస్తున్నామనుకుందాం. మేత బరువును మాంసకృత్తుల వంతుతోను, పునఃప్రసరణ వ్యవస్థల రూపకల్పనలో వాడే 0.092 అనే గుణకంతోను గుణిస్తే, రోజుకు సుమారు 0.83 గ్రాముల అమ్మోనియా నత్రజని వెలువడుతుందని తేలుతుంది. బాక్టీరియా పొర నశిస్తే ఒక్క రోజులోనే లీటరుకు 1.7 మిల్లీగ్రాముల మేర అమ్మోనియా పెరుగుతుంది. నీటి ఉదజని సూచిక 8.2, ఉష్ణోగ్రత 28 డిగ్రీల సెల్సియస్ ఉన్నప్పుడు అందులో దాదాపు 8 శాతం విషపూరితమైన అయనీకరణం చెందని రూపంలో ఉంటుంది. అంటే లీటరుకు సుమారు 0.13 మిల్లీగ్రాములు. ఈ రూపాన్ని లీటరుకు 0.05 మిల్లీగ్రాముల లోపే ఉంచాలన్నది సాధారణ నియమం. సంప్‌ను కుళాయి నీటితో కడిగినప్పుడు అందులోని క్లోరిన్ చేసే నష్టం ఈ స్థాయిలో ఉంటుంది. ఉదజని సూచిక ఒక అంకె తగ్గితే విషపూరిత భాగం సుమారు పదో వంతుకు పడిపోతుంది. తటస్థ మంచినీటిలో చెల్లుబాటయ్యే పొరపాటు సముద్రపు నీటిలో చెల్లకపోవడానికి కారణం ఇదే.

మడ్డి వలన నష్టం

సంప్ అడుగున చేరిన మలం, మేత తుంపులు, చనిపోయిన నాచు కలిసి గోధుమ రంగు మడ్డిగా మారతాయి. దీని వలన మూడు విధాల నష్టం కలుగుతుంది.

మొదటిది, మడ్డి కుళ్లుతూ మళ్లీ అమ్మోనియాను, ఫాస్ఫేట్‌ను నీటిలోకి వదులుతుంది. నీటిని ఎన్నిసార్లు మార్చినా నైట్రేట్ తగ్గని తొట్లలో ముందుగా పరిశీలించవలసింది సంప్ అడుగునే.

రెండవది, సేంద్రియ పదార్థంపై బతికే బాక్టీరియా నత్రీకరణ బాక్టీరియా కంటే ఎన్నో రెట్లు వేగంగా పెరుగుతాయి. అవి మాధ్యమాన్ని కప్పివేసి ఆక్సిజన్‌ను ముందుగా తామే వాడుకుంటాయి. 28 డిగ్రీల వద్ద మంచినీటిలో లీటరుకు దాదాపు 7.8 మిల్లీగ్రాముల ఆక్సిజన్ కరగగలిగితే, 35 పి.పి.టి. లవణీయత గల నీటిలో సుమారు 6.4 మిల్లీగ్రాములే కరుగుతుంది. అసలే తక్కువగా ఉన్న ఆక్సిజన్ కోసం ఈ పోటీ జరుగుతుంది. బాక్టీరియా పొరను మనం కడిగివేసినా, మడ్డి కప్పివేసినా అమ్మోనియా పెరగక తప్పదు.

మూడవది ఉప్పునీటికే ప్రత్యేకమైనది. సముద్రపు నీటిలో లీటరుకు సుమారు 2.7 గ్రాముల సల్ఫేట్ ఉంటుంది. మందంగా పేరుకున్న మడ్డిలో ఆక్సిజన్ అయిపోగానే కొన్ని బాక్టీరియా ఈ సల్ఫేట్‌ను వాడుకొని హైడ్రోజన్ సల్ఫైడ్‌ను వెలువరిస్తాయి. మడ్డి నల్లబడటం, కుళ్లిన కోడిగుడ్ల వాసన దీనికి గుర్తులు. ఇది అత్యల్ప మోతాదులోనే చేపల శ్వాసక్రియను దెబ్బతీస్తుంది. నైట్రైట్ విషయంలో పరిస్థితి ఇందుకు భిన్నం. సముద్రపు నీటిలోని క్లోరైడ్ మొప్పల ద్వారా నైట్రైట్ శరీరంలోకి చేరకుండా చాలావరకు అడ్డుకుంటుంది. మంచినీటి చేపల పెంపకంలో అనుభవం గల వారు ఉప్పునీటికి మారినప్పుడు ఈ రెండు భేదాలను గుర్తుంచుకోవాలి.

శుభ్రపరిచే క్రమం

మొత్తం నీటిలో 10 నుంచి 15 శాతం కొత్త ఉప్పునీటిని ముందురోజే తయారుచేసి, గాలి కొట్టిస్తూ ఉంచాలి. దాని లవణీయత, ఉష్ణోగ్రత తొట్టి నీటితో సమానంగా ఉండాలి.

1. హీటర్ ఉంటే ముందుగా దానిని ఆపాలి. నీటి మట్టం తగ్గి హీటర్ బయటపడితే పగిలిపోతుంది. ఆ తరువాత స్కిమ్మర్‌ను, పంపును ఆపి ప్లగ్గులు తీసివేయాలి. తొట్టిలో గాలి పంపును మాత్రం నడవనివ్వాలి. విద్యుత్ సరఫరాకు 30 మిల్లీ యాంపియర్ల ఆర్.సి.సి.బి. రక్షణ ఉండాలి. తీగను ప్లగ్గు కంటే కిందికి వంపు తిరిగేలా అమర్చితే దాని వెంట జారిన నీరు ప్లగ్గులోకి చేరదు.

2. నీటిని 15 నుంచి 20 నిమిషాలు కదలకుండా ఉంచితే మడ్డి అడుగుకు చేరుతుంది. మొదటి గది నుంచి చివరి గది వైపు, సన్నని గొట్టంతో సైఫన్ పద్ధతిలో మడ్డిని బకెట్‌లోకి లాగాలి. అడ్డుపలకల మూలలు, స్కిమ్మర్ కింది భాగం మరువరాదు. చేతితో కలియబెట్టకూడదు.

3. తొట్టి నుంచి తీసిన తేట నీటిని వేరే బకెట్‌లో పట్టి, మాధ్యమాన్ని అందులోనే జాడించాలి. ఒక విడతలో మూడో వంతుకు మించి తాకరాదు. మిగిలిన భాగాలను నాలుగేసి వారాల ఎడంతో జాడించాలి. మాధ్యమం ఆరిపోకూడదు. సబ్బు, డిటర్జెంటు, ఫినాయిల్ దరిచేరనీయరాదు.

4. వడపోత సంచులపై ఈ నియంత్రణ లేదు. వాటిని తిరగవేసి కుళాయి నీటితో గట్టిగా కడిగి ఎండలో ఆరబెట్టవచ్చు. రెండు మూడు సంచులను మార్చి మార్చి వాడటం మేలు. బ్లీచింగ్ పౌడర్ వాడితే సోడియం థయోసల్ఫేట్‌తో విరుగుడు చేసి మళ్లీ కడగాలి.

5. పంపు, స్కిమ్మర్ పంపులపై సున్నపు పెచ్చులు, గొట్టపు పురుగుల గూళ్లు పేరుకుంటాయి. వీటిని విడదీసి, సమపాళ్లలో వెనిగర్, నీరు కలిపిన ద్రావణంలో కొంతసేపు నానబెట్టి, మెత్తని బ్రష్‌తో రుద్ది, మంచినీటితో కడగాలి. రాగి, ఇత్తడి భాగాలను వ్యవస్థలో ఎక్కడా వాడరాదు.

6. నాచు దట్టంగా పెరిగితే మూడో వంతు కోసి తీసివేయాలి. దానితోపాటు అది పీల్చుకున్న నత్రజని, భాస్వరం కూడా బయటకు పోతాయి.

7. కొత్త నీరు పోసి పంపును, తరువాత స్కిమ్మర్‌ను ప్రారంభించాలి. రెండు రోజులపాటు మేతను సగానికి తగ్గించి, 24, 48 గంటల వద్ద అమ్మోనియా, నైట్రైట్ పరీక్షించాలి. ఏదైనా పెరిగితే మేత ఆపి నీరు మార్చాలే తప్ప సంప్‌ను మళ్లీ కడగరాదు.

కాలక్రమ పట్టిక

రోజూ: చివరి గదిలో నీటి మట్టం పరిశీలన. ఆవిరయ్యేది నీరే, ఉప్పు కాదు. కనుక తగ్గిన మేరకు ఆర్.ఓ. నీటినే కలపాలి.
రెండు నుంచి నాలుగు రోజులకు: వడపోత సంచి మార్పు, స్కిమ్మర్ కప్పు, మెడ శుభ్రత. మెడకు జిడ్డు పట్టితే నురుగు పైకి రాదు.
రెండు వారాలకు: నీటి మార్పుతోపాటు సైఫన్‌తో మడ్డి తొలగింపు.
నెలకు: మాధ్యమంలో మూడో వంతు జాడింపు.
మూడు నెలలకు: పంపుల విడదీత, గొట్టాలు, క్లాంపుల తనిఖీ.

ప్రత్యేక పరిస్థితులు

విద్యుత్ అంతరాయం: పంపు ఆగినప్పుడు తొట్టిలో పొర్లు మట్టానికి పైనున్న నీరంతా సంప్‌లోకి దిగుతుంది. 120 సెం.మీ. పొడవు, 45 సెం.మీ. వెడల్పు గల తొట్టిలో 2 సెం.మీ. ఎత్తు నీరు దిగితే 10.8 లీటర్లవుతుంది. గొట్టాలలోని నీరు దీనికి అదనం. సంప్‌లో ఆ మేరకు ఖాళీ ఎప్పుడూ ఉండాలి. తుపాను సమయంలో గంటల తరబడి సరఫరా లేకపోతే వడపోత సంచిని తీసివేసి, మాధ్యమపు గదికి బ్యాటరీ గాలి పంపు అమర్చాలి. దుర్వాసన వస్తే సంప్ నీటిని పారబోసిన తరువాతే రిటర్న్ పంపు వేయాలి. లేకపోతే ఆ నీరు నేరుగా చేపల వద్దకే చేరుతుంది.

చాలాకాలం నిర్లక్ష్యానికి గురైన సంప్: నల్లని మడ్డిని ఒకేసారి కదిలించరాదు. సంప్‌ను తొట్టి నుంచి వేరుచేసి, సైఫన్‌తో విడతలు విడతలుగా తీసి, ఆ నీటిని పూర్తిగా పారబోయాలి. హేచరీలలోని లోతైన సంప్ గుంతల విషయంలో ఇది మనుషుల ప్రాణాలకు సంబంధించిన అంశం. హైడ్రోజన్ సల్ఫైడ్ గాలి కంటే బరువైనది కనుక గుంత అడుగున నిలుస్తుంది. మోతాదు పెరిగినప్పుడు అది ఘ్రాణశక్తిని మొద్దుబారుస్తుంది. వాసన లేదు కనుక ప్రమాదం లేదనుకోవడం పొరపాటు. నీరు తోడి, గాలి పంపి, వాయు పరీక్ష చేసిన తరువాతే లోపలికి దిగాలి. దిగే వ్యక్తి నడుముకు తాడు, పైన మరొక మనిషి తప్పనిసరి. లోపల ఎవరైనా స్పృహ తప్పితే శ్వాస పరికరం లేకుండా వెంట దిగరాదని కూలీలకు ముందే చెప్పి ఉంచాలి.

వ్యాధి సోకినప్పుడు: రాగి మందులను సంప్‌తో కలిసి ఉన్న తొట్టిలో వాడరాదు. రాళ్లు, సున్నపు పదార్థాలు రాగిని పీల్చుకుంటాయి. పగడాలు, రొయ్యల వంటి అకశేరుకాలు చనిపోతాయి. చికిత్స వేరు తొట్టిలోనే జరగాలి. వ్యవస్థ మొత్తాన్ని క్రిమిరహితం చేయక తప్పనప్పుడు బయోఫిల్టర్ మళ్లీ సిద్ధం కావడానికి నాలుగు నుంచి ఎనిమిది వారాలు పట్టవచ్చు. అంతవరకు చేపలను తిరిగి చేర్చరాదు.

వ్యర్థాల విసర్జన

సముద్రపు నీటి విద్యుత్ వాహకత మీటరుకు 50 డెసీసీమెన్లు దాటుతుంది. నేల లవణీయత 3 డెసీసీమెన్లు దాటితే వరి దిగుబడి తగ్గడం మొదలవుతుంది. అందువల్ల సంప్ నుంచి తీసిన నీటిని పెరటి మొక్కలకు, పొలం కాలువలకు, చెరువులకు వదలరాదు. కోసిన నాచును సముద్రంలోకో, వాగులలోకో విసరకుండా ఎండబెట్టి పారవేయాలి. 1984లో మొనాకో తీరంలో కనిపించిన కౌలెర్పా టాక్సిఫోలియా అనే అక్వేరియం నాచు మధ్యధరా సముద్రంలో విస్తారంగా వ్యాపించి అక్కడి సముద్రపు గడ్డి మైదానాలను ఆక్రమించింది.

ముగింపు

సంప్‌లో తొలగించవలసినది మడ్డి, కాపాడవలసినది బాక్టీరియా పొర. మడ్డిని తరచుగా, కొద్దికొద్దిగా తీస్తే పొరను తాకవలసిన అవసరమే చాలావరకు తప్పుతుంది. విస్తరణ శాస్త్రవేత్తలు పెంపకందారులకు సలహా ఇచ్చేటప్పుడు "సంప్‌ను ఎప్పుడు కడిగారు?" అని అడిగి ఊరుకోక, "ఏ భాగాన్ని, ఏ నీటితో, ఎంత మేరకు కడిగారు?" అని అడగాలి. చేపల మరణానికి అసలు కారణం చాలా సందర్భాలలో ఆ సమాధానంలోనే దొరుకుతుంది.